గుమ్మెటకో తీగ, గొంతుకో తీగ

మా పెదనాన్న వాళ్ల జట్టు బుర్రకథను మొదటిసారి మా ఇంటి హాల్లో రికార్డు చేసినప్పుడు నా దగ్గర ఉన్నది రెండు మైకులు పట్టే చిన్న పెట్టె. ఒక మైకు కథకుడి ముందు నిలబెట్టాను. రెండోది వంతలిద్దరి మధ్యా పెట్టాను. గంటన్నర కథ. ఫ్యాను కట్టేసిన గదిలో ముగ్గురూ చెమటలు కక్కుతూ చెప్పారు. అయిపోయాక కుడివైపు వంత అయిన పెదనాన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని పది నిమిషాలు విన్నారు. తర్వాత ఒక్క మాటే అడిగారు.

"నా గుమ్మెట ఏదిరా ఇందులో?"

ఉంది. కాని విడిగా లేదు. ఎడమవైపు వంతది గట్టి చెయ్యి. ఆయన దెబ్బ కింద పెదనాన్న గుమ్మెట నలిగిపోయింది. ఒకే మైకులో పడ్డ రెండు శబ్దాలు పప్పులో కరిగిన ఉప్పులాంటివి. తగ్గించాలంటే రెండూ తగ్గుతాయి, పెంచాలంటే రెండూ పెరుగుతాయి. పాటలోంచి గొంతును వేరుచేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి గాని, అచ్చం ఒకేలా మోగే రెండు గుమ్మెటలను విడదీయమంటే వాటికీ చిక్కే. ఆయన అడిగినదానికి జవాబు వెతుక్కుంటూ ఎక్కువ మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్‌ల సంగతి తవ్వాను. తక్కువ డబ్బుతో అలాంటిది కొనాలనుకునే వాళ్లకు అందులో పనికొచ్చేది చాలా ఉంది.

ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. మీ ఇంట్లో ఒకేసారి ఎంతమంది వాయిస్తారు, పాడతారు? ఎన్ని ట్రాకుల పాట చేయాలన్నది వేరే లెక్క. ఒక్కరే కూర్చుని ముందు తాళం, తర్వాత గిటారు, ఆపైన గొంతు, ఇలా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ అరవై ట్రాకుల పాటైనా చేయవచ్చు. దానికి రెండు మైకుల పెట్టె చాలు. అలాంటివారు పెద్ద పెట్టె కొంటే డబ్బు దండగ. బుర్రకథ అలా పేర్చితే వచ్చేది కాదు. కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ వంత అందుకోవాలి. హాస్యం చెప్పే వంత ఒక మాట విసిరితే రాజకీయం చెప్పే వంత దానికి అడ్డుపడాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండగా పుట్టే కథ అది. కచేరీ కూడా అంతే. తనియావర్తనంలో మృదంగం విడిచిన చోట ఘటం అందుకోవాలంటే ఇద్దరూ ఒకే గదిలో ఉండి తీరాలి. భజన బృందం, నాదస్వరం డోలు జంట, ఇంట్లో సాధన చేసుకునే బ్యాండు, అన్నీ ఈ కోవలోవే.

ఇక తీగలు లెక్కపెడదాం. బుర్రకథలో గొంతులు మూడు. గుమ్మెటలు రెండు. కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. ఆ రెంటికీ కలిపి ఛాతీ ఎత్తున ఒక మైకు చాలు. కాళ్ల గజ్జెలకు నేలకు దగ్గరగా ఇంకొకటి. అప్పటికి ఏడు. గది మొత్తం వినబడేలా దూరంగా ఒకటి పెడితే ఎనిమిది. కర్ణాటక కచేరీకి గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగం రెండు మూతులకు రెండు, ఘటానికి ఒకటి, శ్రుతిపెట్టెకు ఒకటి, మొత్తం ఆరు. మన ఇళ్లలో జరిగే సంగీతంలో చాలా భాగం ఎనిమిది మైకుల్లో ఇమిడిపోతుంది. మధ్యతరగతి ధరల్లో బాగా దొరికేవి కూడా ఎనిమిది మైకుల పెట్టెలే కావడం మన అదృష్టం.

అట్టపెట్టె మీది అంకె మాత్రం ఎనిమిది అని చెప్పదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోకస్‌రైట్ కంపెనీ స్కార్లెట్ వరుసలో మూడో తరం 18ఐ8 అనే పెట్టె ఉంది. పేరు చూస్తే 18 మైకులు పడతాయని అనిపిస్తుంది. నిజానికి దానికి మైకు ప్రీయాంపులు, అంటే మైకు సంకేతాన్ని పెంచే భాగాలు, నాలుగే. వాటికి నాలుగు లైన్ ఇన్‌పుట్లు, ఆడాట్ అనే కాంతి తీగ ద్వారా వచ్చే ఎనిమిది చానళ్లు, ఎస్పీడిఫ్ అనే డిజిటల్ దారిలో వచ్చే రెండు కలిపితే 18 అవుతాయి. అదే వరుసలోని 18ఐ20కి మైకు ప్రీయాంపులు ఎనిమిది. బెహ్రింగర్ యూఎంసీ1820కీ ఎనిమిదే. 4ఐ4 అనే చిన్నదానికి రెండే. టాస్కామ్ యూఎస్-16x08 లెక్క మరోలా ఉంటుంది. మైకులు ఎనిమిది, లైన్లు ఎనిమిది, ఆడాట్ లేదు. అంకెలో అబద్ధం లేదు. కాని మనకు కావలసిన లెక్క అది కాదు. పెట్టె కొనేముందు వెనకాముందు ఫొటోలు తెరిచి మూడు రంధ్రాల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి లెక్కించండి. ఆ తర్వాత ప్రతి సాకెట్‌కూ విడిగా గెయిన్ ఉందో లేదో చూడండి.

మైకుకీ లైనుకీ ఈ తేడా ఎందుకంటే, మైకు నుంచి వచ్చే కరెంటు అంత బలహీనమైనది. వేదికల మీద అందరికీ పరిచయమైన షూర్ ఎస్ఎం58 మైకు ముందు 94 డెసిబెల్ల శబ్దం చేస్తే, అంటే దగ్గరగా నిలబడి గట్టిగా పాడితే, అది పుట్టించేది సుమారు 1.85 మిల్లీవోల్టులు. కీబోర్డు నుంచో మిక్సర్ నుంచో వచ్చే లైన్ సంకేతం దాదాపు ఒక వోల్టు. తేడా కొన్ని వందల రెట్లు. అడుగు దూరంలో మెల్లగా మీటే వీణ అయితే మిల్లీవోల్టులో పదోవంతుకు అటూ ఇటూగా దిగిపోతుంది. ఆ చిన్న సంకేతాన్ని రొద కలవకుండా పెంచేదే ప్రీయాంపు. 60 డెసిబెల్ల గెయిన్ అంటే వోల్టేజిని 1000 రెట్లు పెంచడం. నిదానమైన వాద్యాలు రికార్డు చేసేవాళ్లు పెట్టె వివరాల్లో ముందు చూడవలసింది ఈ గెయిన్ అంకె. 50 దగ్గరే ఆగిపోయే పెట్టెలో మామూలు డైనమిక్ మైకు పెట్టి వీణ పట్టాలంటే ఇబ్బంది. గుమ్మెటకు ఆ బాధ లేదు. గుమ్మెటది దీనికి సరిగ్గా తలకిందులు: దెబ్బ పడగానే గెయిన్ ఎక్కువై శబ్దం చిట్లిపోతుంది.

రొద గురించి ఒక మంచి కథ ఉంది. 1920లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో జాన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త, ఏ కరెంటూ పారని తీగలో కూడా సన్నటి అలజడి ఉందని కొలిచి చూపించాడు. హ్యారీ నైక్విస్ట్ అనే మరో శాస్త్రవేత్త దానికి లెక్క కట్టాడు. తీగలోని ఎలక్ట్రాన్లు వేడికి ఊరికే కదులుతూ ఉంటాయి, ఆ కదలికే రొద. ఇద్దరి పత్రాలూ 1928లో అచ్చయ్యాయి. ఆ లెక్క ప్రకారం 150 ఓమ్‌ల మైకు గది వేడిమి దగ్గర పుట్టించే రొద సుమారు మైనస్ 131 డీబీయూ. అంటే వోల్టులో 50 లక్షల వంతు కన్నా కాస్త ఎక్కువ. ఎంత డబ్బు పోసినా, ఎంత గొప్ప స్టూడియోలోనైనా గది వేడిమిలో ఉన్న మైకుకు ఆ గీత దిగువకు పోవడం లేదు. ఇప్పుడు బడ్జెట్ పెట్టెల వివరాల్లో ప్రీయాంపు రొదను చెప్పే ఈఐఎన్ అనే అంకె కోసం చూడండి. చాలావాటిలో మైనస్ 125కీ 129కీ మధ్య కనిపిస్తుంది. కొన్నింటి కొలతల్లో చెవికి తక్కువ వినిపించే పౌనఃపున్యాలకు తూకం తగ్గిస్తారు కాబట్టి అంకె కాస్త మెరుగ్గా అగుపడుతుంది. అలా అనుకున్నా, ప్రకృతి గీసిన గీతకు కొద్ది డెసిబెల్ల దూరంలోనే మన చవకపెట్టె ఉంది. ఒకప్పుడు రొద లేని ప్రీయాంపు కోసం పెద్ద స్టూడియోకి వెళ్లాల్సి వచ్చేది. ఈనాడు ఆ కారణం పోయింది. నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగా ఉంటుంది.

అదే నైక్విస్ట్ అదే 1928లో టెలిగ్రాఫు గురించి మరో పత్రం రాశాడు. డిజిటల్ రికార్డింగుకు అదే పునాది. దాన్ని పట్టుకుని క్లాడ్ షానన్ 1949లో తేల్చిందేమిటంటే, ఒక శబ్దంలోని అతి పెద్ద పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలతలు తీసుకుంటే, ఆ కొలతల నుంచి అసలు శబ్దాన్ని ఏమీ పోకుండా తిరిగి కట్టవచ్చు. మనిషి చెవి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. సీడీకి 44.1, వీడియోకు 48 కిలోహెర్ట్జ్ వచ్చింది అందుకే. 192 అని పెద్ద అక్షరాల్లో వేసిన పెట్టె కోసం అదనంగా రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. 48 దగ్గర పెట్టి మరిచిపోండి.

బిట్ల సంగతీ అంతే. ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్ల పరిధి వస్తుంది. 24 బిట్లకు కాగితం మీద 144 డెసిబెల్లు. అసలు పెట్టెలు ఇచ్చేది 100 నుంచి 120 మధ్య. మన హాల్లో రాత్రిపూట ఫ్యాను కట్టేసినా, ఫ్రిజ్ ఆపినా, వీధికుక్కలు పడుకున్నా 30 డెసిబెల్ల నిశ్శబ్దం దొరికితే గొప్ప. గొంతు దగ్గర 90 ఉందనుకుంటే గది మనకిచ్చే పరిధి 60. పెట్టె ఇచ్చేది దానికి చాలా పైన. దీనివల్ల వచ్చే లాభం ఒకటుంది, దాన్ని వాడుకోవాలి. గెయిన్ తక్కువ పెట్టుకుని, మీటరు మైనస్ 18 దగ్గర తిరుగుతూ గట్టి దెబ్బకు మైనస్ 8 దాకా వెళ్లేట్టు చూసుకుంటే చాలు. టేపుల కాలంలో మీటరు ఎర్రగీతకు ఆనించి రికార్డు చేసేవారు, టేపు రొద పైకి రాకుండా. ఇప్పుడు అలా చేస్తే సున్నా దాటిన గుమ్మెట దెబ్బ పగిలిపోతుంది. పగిలినది మళ్లీ అతకదు.

ఇక్కడ కొందరు వేసే ఎత్తు ఒకటుంది. నేనూ మొదట అదే అనుకున్నాను. ఇంట్లో రెండు మైకుల పెట్టె ఉంది. స్నేహితుడి దగ్గర ఇంకోటి ఉంది. అలాంటివి నాలుగు పెట్టెలు కలిపితే ఎనిమిది అవుతాయిగా? కావు. కారణం వాటి గుండెలో ఉంది. ప్రతి పెట్టెలోనూ ఒక క్వార్ట్‌జ్ స్ఫటికం సెకనుకు 48,000 సార్లు కొలత తీయమని తాళం వేస్తూ ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో వేయవు. రెంటికీ తేడా పది లక్షలకు 50 పాళ్లు ఉందనుకుందాం. చూడటానికి ఏమీ కాదు. గంట కథకు అది 0.18 సెకను. వేగం పట్టిన నడకలో గుమ్మెట దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే ఖాళీ ఇంచుమించు అంతే. కథ మొదట్లో కలిసి నడిచిన ఇద్దరు వంతలు చివరికి ఒక దెబ్బ ఎడంగా వినిపిస్తారు. వాళ్లు తప్పు వాయించలేదు. గడియారాలు రెండైపోయాయి. మాక్‌లో రెండు పెట్టెలను ఒకటిగా చూపించి ఈ జారుడును సవరించే ఏర్పాటు ఉంది గాని, అది అవసరానికి ఆదుకునే ఉపాయం. జట్టుకు తాళం వేసేవాడు ఒక్కడే ఉండాలి. ఎనిమిది మైకులకు ఒకే పెట్టె కొనమని నేను పట్టుబట్టేది దీనికోసమే.

మరి రేపు పన్నెండు మైకులు కావలసి వస్తే? అప్పుడు పనికొచ్చేది పెట్టె వెనక ఉండే ఆ చిన్న చదరపు కన్ను, ఆడాట్. అలెసిస్ అనే కంపెనీ 1991లో ఒక టేపు యంత్రాన్ని ప్రకటించింది. మరుసటి ఏడు అది అమ్మకానికి వచ్చింది. ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్టు మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు పట్టే ఆ యంత్రం పేరే ఆడాట్. ఇళ్లలో స్టూడియోలు పుట్టడానికి అది పెద్ద ఊతం. క్యాసెట్లు పోయాయి, యంత్రాలు మూలపడ్డాయి. రెండు యంత్రాలను కలపడానికి వాళ్లు కనిపెట్టిన కాంతి తీగ పద్ధతి మాత్రం ఇప్పటికీ బతికి ఉంది. టీవీకి సౌండ్‌బార్ కలిపే ఆప్టికల్ తీగే దానికీ సరిపోతుంది. ఆ ఒక్క తీగలో 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది చానళ్లు పోతాయి. 96కి పెంచితే నాలుగే. 48 దగ్గర ఉండమనడానికి ఇది మరో కారణం. బెహ్రింగర్ ఏడీఏ8200 లాంటి ఎనిమిది ప్రీయాంపుల పెట్టెను ఈ తీగతో తగిలించి, మొదటి పెట్టె గడియారాన్ని అనుసరించమని చెబితే చాలు. తాళం ఒక్కటే, మైకులు పదహారు. ఇవ్వాళ ఎనిమిదే కావాలన్నా, రెండు పెట్టెల ధరలు దగ్గరగా ఉంటే ఆడాట్ కన్ను ఉన్నదే తీసుకోండి.

యూఎస్‌బీ మిక్సర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పెళ్లిళ్లకూ గుడి భజనలకూ వాడే ఎనిమిది చానళ్ల, పన్నెండు చానళ్ల మిక్సర్ల మీద యూఎస్‌బీ అని రాసి ఉంటుంది. అది చూసి కొన్నవాళ్లు కంప్యూటర్‌కు తగిలించాక తెలుసుకునేది, లోపలికి వచ్చేది రెండే చానళ్లని. పన్నెండు మైకులనూ లోపలే కలిపేసి కుడి, ఎడమ రెండుగా పంపిస్తుంది. మళ్లీ పప్పులో ఉప్పు. అలాంటి మిక్సర్లలో చాలావాటి పద్ధతి ఇదే. ప్రతి చానలూ విడివిడిగా కంప్యూటర్‌కు చేరుతుందా అని దుకాణంలో సూటిగా అడగండి. అవునంటే మాన్యువల్‌లో ఆ వాక్యం చూపించమనండి.

నిజంగా విడివిడిగా పంపే డిజిటల్ మిక్సర్లు లేకపోలేదు. ఊళ్లో వేదిక మీదా ఇంట్లో రికార్డింగుకూ ఒకటే కావాలనుకునే జట్టుకు అవి మంచి బేరం. బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18లో 16 మైకు ప్రీయాంపులు ఉంటాయి. యూఎస్‌బీ మీద 18 చానళ్లు లోపలికి, 18 బయటికి వెళ్తాయి. మీద గుండీలు ఉండవు, ఫోన్‌తోనో టాబ్లెట్‌తోనో తిప్పుకోవాలి. 44.1, 48 కిలోహెర్ట్జ్ దాటదు. ఇంతకుముందు చెప్పిన లెక్క ప్రకారం అదేమీ లోటు కాదు. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-12 లాంటివి కంప్యూటర్ అక్కర్లేకుండా మెమరీ కార్డు మీదే విడివిడి ట్రాకులు రాసుకుంటాయి. పల్లెల్లో తిరిగి పాతకాలపు కళాకారులను రికార్డు చేయాలని ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇలాంటిదే. చెట్టుకింద ల్యాప్‌టాప్ తెరిచి డ్రైవర్ల గురించి తల పట్టుకునే పని తప్పుతుంది.

కరెంటు గురించి చెప్పాలి. కండెన్సర్ మైకులకు పెట్టె నుంచే 48 వోల్టులు పంపాలి. ప్రమాణం ప్రకారం ఒక్కో మైకు 10 మిల్లీఆంపుల దాకా లాగవచ్చు. ఎనిమిదీ అలా లాగితే 3.84 వాట్లు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగింది 2.5 వాట్లే. ఎనిమిది మైకుల పెట్టెకు విడిగా అడాప్టర్ ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందిగా. అడాప్టర్ లేదని మెచ్చుకుని కొనే వస్తువు కాదిది. చవక పెట్టెల్లో నాలుగేసి మైకులకు కలిపి ఒకే 48 వోల్టుల మీట ఉంటుంది. ఆ నాలుగింటిలో డైనమిక్ మైకు ఉన్నా, తీగ సరిగ్గా ఉంటే దానికేమీ కాదు.

పాత ఇళ్లలో ఎర్త్ సరిగ్గా ఉండదు. అన్నీ తగిలించి ఎవరూ మాట్లాడకుండా వింటే అడుగున 50 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఒక ఘోష వినిపిస్తుంది. ముందుగా ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఘోష పోతే దొంగ దొరికినట్టే. లేకపోతే అన్నింటినీ ఒకే బోర్డుకు, మూడు పిన్నుల సాకెట్‌కు తగిలించండి. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు రికార్డు చేయకండి. చవక ఇన్వర్టర్ల అల ముతకగా, చదరంగా ఉంటుంది, జీర వస్తుంది. ఘోష పోతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వాళ్లను చూశాను. మైకు పెదవులకు ఆనించి పాడే మనిషి ప్రాణంతో చెలగాటం అది.

యూఎస్‌బీ-సీ, యూఎస్‌బీ 3 అన్న ముద్రలకు మురిసిపోనక్కర్లేదు. ఎనిమిది చానళ్లు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 92 లక్షల బిట్లు. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 48 కోట్ల బిట్లు. జాతీయ రహదారి మీద సైకిల్ పోయినట్టు. డిస్కులో గంటకు నాలుగు జీబీ పైచిలుకు ఆక్రమిస్తుంది, దానికి మాత్రం చోటు చూసుకోవాలి.

దారి వెడల్పు ఎంతున్నా ఆలస్యం వేరే సంగతి. కంప్యూటర్ కొలతలను ఒక్కొక్కటిగా కాకుండా గంపలకెత్తి తీసుకుంటుంది. గంపలో 256 కొలతలు పడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది నిండడానికి 5.3 మిల్లీసెకన్లు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, మధ్యలో మరికొంత. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకు 12, 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తే పాడేవారికి చికాకు పుడుతుంది. ఇది ఎంతో గాలిలో కొలిచి చూపిస్తాను. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. 12 మిల్లీసెకన్లంటే పక్క వంత నాలుగు మీటర్ల అవతల నిలబడ్డట్టు. వాయించే వాళ్లకు అది పెద్ద ఇబ్బంది కాదు, వేదిక మీద అలవాటే. తన గొంతు తనకే నాలుగు మీటర్ల అవతల నుంచి రావడమే కష్టం. గంప చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది గాని, కంప్యూటర్ అందుకోలేక చిటచిటలు వస్తాయి. దీనికి మందు పెట్టెలోనే ఉంది. వచ్చిన శబ్దాన్ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా పెట్టె నుంచే నేరుగా చెవికి పంపే డైరెక్ట్ మానిటరింగ్. అది ఉందా, హెడ్‌ఫోన్ సాకెట్లు ఎన్ని ఉన్నాయి, ఎవరి హెడ్‌ఫోన్‌లో ఎవరి గొంతు ఎంత ఉండాలో విడిగా పెట్టుకోవచ్చా అన్నవి చూడండి. బుర్రకథ జట్టుకు హెడ్‌ఫోన్లే అక్కర్లేదు, ఒకరినొకరు గాలిలోనే వింటారు. అందువల్ల నేను ఈ భాగానికి ఖర్చు తగ్గించుకున్నాను.

విండోస్ కంప్యూటర్ అయితే కంపెనీ సొంత ఆసియో డ్రైవర్ ఉన్న పెట్టెనే కొనండి. స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన ఆ పద్ధతి ఇప్పటికీ అక్కడ రాజమార్గం. మాక్‌కు ఆ గొడవ తక్కువ. పాత సరుకులో ఒకప్పుడు లక్షలు పలికిన ఫైర్‌వైర్ పెట్టెలు ఊరించే ధరకు వస్తుంటాయి. వాటిలోని ప్రీయాంపులు మేలైనవే. వాటిని తగిలించే పోర్టు, వాటికి డ్రైవర్ రాసే మనిషి, రెండూ ఇప్పుడు లేవు. వదిలేయండి.

పెట్టె కోసం దాచిన డబ్బంతా పెట్టెకే పోయకండి. ఎనిమిది మైకులకు ఎనిమిది స్టాండ్లు, ఎనిమిది తీగలు కావాలి. వాటి లెక్క ముందు వేసుకోకపోతే పెట్టె వచ్చాక చేతులు కట్టుకుని కూర్చోవాలి. నా మటుకు బడ్జెట్‌లో సగానికి మించి పెట్టెకు పెట్టలేదు. మిగిలింది మామూలు డైనమిక్ మైకులకు వెళ్లింది. మా హాలుకు అవి చాలు. గోడలకు బొంతలు, కిటికీలకు దుప్పట్లు కట్టాం. పరుపులు నిలబెట్టాం. ఖర్చు లేదు.

రెండోసారికి ఎనిమిది మైకుల పెట్టె వచ్చింది. వచ్చిన రోజే వాయించలేదు. ఎనిమిదింటికీ మైకులు తగిలించి, 48 వోల్టులు వేసి, ఖాళీ గదిలో గంటసేపు ఊరికే రికార్డు చేశాను. మధ్యలో ఎక్కడైనా చిటుక్కుమందా, ఏ చానలైనా తక్కిన వాటి కన్నా ఎక్కువ బుసకొడుతోందా, వేడెక్కాక ఏదైనా మొరాయించిందా అని చూశాను. వస్తువును వెనక్కి తీసుకునే గడువు లోపలే ఈ పరీక్ష చేయాలి. నా పెట్టెలో ఆరో చానల్ బుస కొట్టింది. మార్చి తెచ్చుకున్నాను.

మైకులు నిలబెట్టేటప్పుడు ఒక పాత లెక్క పాటించాం. వాద్యానికీ దాని మైకుకీ ఎంత దూరం ఉందో, దానికి మూడు రెట్ల దూరంలో పక్క మైకు ఉండాలి. పెదనాన్న గుమ్మెటకు జానెడు దూరంలో మైకు పెడితే పక్కవారి మైకు మూడు జానల అవతల. మూడు రెట్లు దూరమైతే శబ్దం తొమ్మిదిన్నర డెసిబెల్లు తగ్గుతుంది. రెండు మైకులూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా ఉండడానికి అది చాలు. ఆ పైన, మైకుకు వెనకవైపు చెవి ఉండదు కాబట్టి దాని వీపు పక్క వంత వైపు తిప్పాం. గుమ్మెటకు ఒకవైపు చర్మం, రెండోవైపు తెరిచిన మూతి. వాయించేవారు అరచేత్తో ఆ మూతిని మూస్తూ తెరుస్తూ నాదాన్ని వంచుతారు. మైకు మూతికి సూటిగా పెడితే గాలి కొట్టి బొంగురుమంటుంది. చర్మం వైపు కాస్త ఏటవాలుగా పెట్టాక కుదిరింది. ఇది కనిపెట్టింది నేను కాదు, పెదనాన్నే. మైకును తన చేత్తో అటూ ఇటూ జరిపి, "ఇక్కడుంచు, ఇక్కడ మోగుతుంది" అన్నారు.

కథ అయ్యాక ఆయనకు హెడ్‌ఫోన్ ఇచ్చి, అయిదో ట్రాకు ఒక్కటే వినిపించాను. పక్క గొంతులూ తంబురా ఎక్కడో దూరంగా, సన్నగా. చర్మం మీద వేళ్లు, మూతి మీద అరచెయ్యి, మధ్యలో ఆయన ఊపిరి. కొంచెంసేపు విని, ఒక నడక దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. "వెనక్కి తిప్పు. అక్కడ ఒక దెబ్బ ఆలస్యంగా వేశాను."

వెనక్కి తిప్పాను. నిజమే, వేశారు.